వస్తుందంటున్న స్పీకర్ కోసం ఎన్నాళ్లు ఆగాలి?

ప్రశ్న: మా హాల్లో పాత స్టీరియో యాంప్లిఫయర్, దానికి రెండు పెద్ద స్పీకర్లు ఉన్నాయి. ఇప్పటికీ బాగానే మోగుతాయి. కానీ పాటలన్నీ ఫోన్లోకి వచ్చేశాక వాటిని ఆన్ చేయడమే మానేశాం. వంటగదిలో ఒక చిన్న బ్లూటూత్ స్పీకర్ ఉంది. ఫోన్ పట్టుకుని పక్క గదిలోకి వెళ్తే పాట తెగిపోతుంది. ఎవరైనా ఫోన్ చేస్తే పాట ఆగిపోయి రింగ్‌టోన్ మోగుతుంది. హాల్లో, వంటగదిలో ఒకే పాట ఒకేసారి వినిపించేలా వైఫై స్పీకర్లు కొందామని ఏడాదిగా అనుకుంటున్నాం. అనుకున్న ప్రతిసారీ మావారు ఏదో ఒక వార్త చూపిస్తారు. ఒక కంపెనీ కొత్త మోడల్ ఎఫ్‌సీసీ రికార్డుల్లో కనిపించిందట, ఇంకో కంపెనీ యాప్‌లో ఎవరికీ తెలియని పేరు దొరికిందట, మరో రెండు మూడు నెలల్లో వచ్చేస్తుందట. ఇప్పుడు కొంటే పాత సరుకు కొన్నట్టే అంటారు. ఏడాది గడిచింది, ఇంట్లో పాట మాత్రం లేదు. ఈ పుకార్లను ఎంతవరకు నమ్మొచ్చు? ఆగాలా, కొనేయాలా?
– ఒక పాఠకురాలు

సమాధానం: హాలు కోసం ఆగకండి. వంటగది కోసం కావాలంటే కొన్నాళ్లు ఆగొచ్చు. రెండిటికీ కలిపి ఒకే నిర్ణయం తీసుకోవాలనుకుంటున్నారు కాబట్టే ఏడాది గడిచిపోయింది.

ముందు మీవారి తరఫున ఒక మాట. ఆయన చూపిస్తున్నవి ఉత్త గాలి కబుర్లు కావు. ఇంటి స్పీకర్ల విషయంలో పుకార్లు చాలాసార్లు నిజమవుతాయి. అలా నిజమవడానికి కారణమూ ఉంది. అమెరికాలో రేడియో తరంగాలు వాడే పరికరం ఏది అమ్మాలన్నా ఎఫ్‌సీసీ అనే ప్రభుత్వ సంస్థ అనుమతి కావాలి. వైఫై, బ్లూటూత్ రెండూ రేడియోలే కాబట్టి వైర్‌లెస్ స్పీకర్ ఏదైనా ఆ గుమ్మం దాటాల్సిందే. అనుమతి వచ్చాక పరీక్షల నివేదికలు ఎవరైనా చూడొచ్చు. ఫొటోలను, యూజర్ మాన్యువల్‌ను మాత్రం 180 రోజుల వరకు దాచిపెట్టమని కంపెనీ కోరుకోవచ్చు. అందుకే మీవారు చదివే వార్తల్లో ఎప్పుడూ ఒక మోడల్ నంబరు, వైఫై ఏ బ్యాండ్లలో పనిచేస్తుందనే వివరం, మహా అయితే లేబుల్ ఎక్కడ అతికిస్తారో చూపే బొమ్మ ఉంటాయి. అంతకు మించి ఉండవు. ఆ స్పీకర్ ఎలా మోగుతుందో, ఏ నెలలో అమ్మకానికి వస్తుందో, ధర ఎంతో ఆ కాగితాల్లో రాసి ఉండదు.

కొన్నిసార్లు ఈ దారిలో వచ్చిన వార్త చకచకా నిజమైపోతుంది. 2020 జులైలో గూగుల్ కొత్త స్పీకర్ వివరాలు ఇలా రికార్డుల్లోంచి బయటికొస్తే, ఇంక దాచి లాభం లేదనుకుని గూగులే దాని ఫొటో విడుదల చేసింది. అక్టోబరుకల్లా అది ‘నెస్ట్ ఆడియో’ పేరుతో అమ్మకానికి వచ్చింది. ఇంకోసారి, 2022 ఆగస్టులో, వైఫై స్పీకర్లు చేసే సోనోస్ కంపెనీ కొత్త స్పీకర్ గురించి ‘ది వెర్జ్’ అనే టెక్నాలజీ వార్తల వెబ్‌సైట్ రాసింది. మరుసటి మార్చిలో ఎరా 300 పేరుతో అది వచ్చింది. ఒక పుకారుకు మూడు నెలలు పట్టింది, ఇంకోదానికి ఏడు నెలలు. రెండూ నిజాలే. పుకారు పుట్టిన రోజున ఏది మూడు నెలలదో, ఏది ఏడు నెలలదో చెప్పగలిగినవాళ్లు లేరు.

రెండో దారి సాఫ్ట్‌వేర్. ఇది నాకు మరీ సరదాగా అనిపిస్తుంది. యాపిల్ 2017 జూన్‌లో హోమ్‌పాడ్ అనే ఇంటి స్పీకర్‌ను ప్రకటించి, డిసెంబరులో ఇస్తామంది. జులై చివర్లో దాని సాఫ్ట్‌వేర్ పొరపాటున బయటికొచ్చింది. డెవలపర్లు దాన్ని తవ్వితే అందులో అప్పటికింకా ప్రకటించని ఐఫోన్ ఆకారం, ముఖం చూసి లాక్ తీసే ఏర్పాటు దొరికాయి. తీరా జరిగిందేమిటంటే, దొంగచాటుగా బయటపడ్డ ఆ ఫోన్ నవంబరులో జనం చేతికి వచ్చేసింది. కంపెనీ స్టేజీ ఎక్కి మరీ ప్రకటించిన స్పీకర్ మాత్రం డిసెంబరు దాటి 2018 ఫిబ్రవరి 9న వచ్చింది. వచ్చాక కూడా సగమే వచ్చింది. రెండు హోమ్‌పాడ్‌లను స్టీరియో జతగా కలపడం, వేర్వేరు గదుల్లో ఒకే పాట వేయడం – అంటే మీకు కావలసింది సరిగ్గా అదే – మే నెలాఖరులో ఎయిర్‌ప్లే 2 (ఫోన్ నుంచి స్పీకర్లకు వైఫైలో పాట పంపే యాపిల్ పద్ధతి) అప్‌డేట్ వచ్చేదాకా కుదరలేదు.

పేటెంట్ల ఆధారంగా వచ్చే వార్తలను మాత్రం పట్టించుకోవద్దు. కంపెనీలు తట్టిన ఆలోచనకల్లా పేటెంటు వేసి పెట్టుకుంటాయి. అందులో వస్తువుగా మారేవి తక్కువ.

ఇక అసలు రానివాటి సంగతి. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఈ రంగంలో పేరు పెట్టి, బొమ్మ చూపించి, చివరికి ఇవ్వని పరికరాలు ఉన్నాయి. 2012 జూన్‌లో గూగుల్ ‘నెక్సస్ క్యూ’ అనే నల్లటి గుండ్రటి బంతిని చూపించింది. ఇంటర్నెట్ నుంచి పాటలు, వీడియోలు తెచ్చి ఇంట్లో వినిపించే పరికరం అది. యాంప్లిఫయర్ కూడా అందులోనే ఉంది. ముందస్తు ఆర్డర్లు సైతం తీసుకున్నారు. నెల దాటగానే వాయిదా వేశారు, ఆర్డర్ ఇచ్చినవాళ్లకు ఉచితంగా పంపేశారు. దుకాణంలోకి అది ఎప్పటికీ అమ్మకానికి రాలేదు. 2018 ఆగస్టులో శాంసంగ్ తన ఫోన్ల పండుగలో ‘గెలాక్సీ హోమ్’ స్పీకర్‌ను వేదిక మీద పెట్టి చూపించింది. త్వరలో, త్వరలో అంటూ అది కూడా మాయమైపోయింది. గమనించండి, ఇవి పుకార్లు కావు. కంపెనీలే స్వయంగా ప్రకటించినవి. ప్రకటనకే ఈ గతి పడితే, ఎవరో చెప్పారన్న మాటకు ఎంత విలువివ్వాలో మీవారే చెప్పాలి. ఈమధ్య సోనోస్ టీవీకి తగిలించే స్ట్రీమింగ్ పెట్టె ఒకటి తయారుచేస్తోందని 2025 ఫిబ్రవరిలో వివరంగా కథనాలు వచ్చాయి. దాని రహస్య నామం ‘పైన్‌వుడ్’ అని, ధర ఫలానా మధ్యలో ఉంటుందని కూడా రాశారు. మార్చిలో ఆ ప్రాజెక్టును ఆపేశారని మరో కథనం వచ్చింది. పుకారు నిజమే, పరికరమూ నిజమే, కొనుక్కోవడానికి మాత్రం ఏమీ లేదు.

నిజంగా వచ్చినవి కూడా పుకార్లలో ఊహించినట్టు రావు. సోనోస్ హెడ్‌ఫోన్లు తయారుచేస్తోందని 2019 నుంచి వార్తలు వచ్చాయి. ఆ కంపెనీ పేరే ఇంటి వైఫై సంగీతానికి మారుపేరు కాబట్టి, ఇంట్లో స్పీకర్లతో పాటు హెడ్‌ఫోన్ కూడా వైఫైలో కలిసిపోతుందని జనం ఆశపడ్డారు. 2024 జూన్‌లో ‘ఏస్’ వచ్చింది. పాటలకు అది బ్లూటూతే. వైఫై ఉన్నది సౌండ్‌బార్ (టీవీ కింద పెట్టే పొడవాటి స్పీకర్) నుంచి టీవీ ధ్వనిని హెడ్‌ఫోన్‌లోకి మళ్లించుకోవడానికి. హెడ్‌ఫోన్ బాగాలేదని కాదు. ఐదేళ్లు ఎదురుచూసినవాళ్లు ఎదురుచూసింది దానికోసం కాదు.

కొత్త మోడల్ అంటే పాతదానిలో ఉన్నవన్నీ ఉండి, పైన ఇంకొంచెం ఉంటుందని మీవారు అనుకుంటున్నట్టున్నారు. చాలామంది అలాగే అనుకుంటారు. 2023లో వచ్చిన రెండో తరం హోమ్‌పాడ్‌లో ట్వీటర్లు (సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకర్లు) ఏడు నుంచి ఐదుకు తగ్గాయి, మైకులు ఆరు నుంచి నాలుగుకు తగ్గాయి, వైఫై కూడా పాతదానికంటే ఒక తరం వెనక్కి వెళ్లింది. అదే ఏడాది వచ్చిన సోనోస్ ఎరా 100లో బ్లూటూత్ కొత్తగా చేరింది. దానికి ముందున్న సోనోస్ వన్‌లో పనిచేసే గూగుల్ అసిస్టెంట్ మాత్రం పోయింది. వైరుతో బయటి పరికరాన్ని కలిపే వీలు పెట్టారుగానీ, అందుకు కావలసిన అడాప్టర్ విడిగా కొనుక్కోవాలి. ఇవేవీ పెద్ద నేరాలు కావు. కానీ కొత్తదనం ఒక్కటే చూసుకుని ఆగినవాళ్లు ఏం పోగొట్టుకుంటారో వస్తువు వచ్చేదాకా తెలియదు.

ఇంతకీ మీరిద్దరూ ఇంట్లో వాదించుకోవాల్సిన విషయం ఇది కాదని నా అభిప్రాయం. ఏ మోడల్ వస్తుందన్న దానికంటే, కొన్నది ఎన్నేళ్లు పాడుతుందన్నది పెద్ద ప్రశ్న. మీ హాల్లో స్పీకర్లు ఇన్నేళ్లయినా బాగానే మోగుతున్నాయని మీరే రాశారు. వాటిలో సాఫ్ట్‌వేర్ లేదు. వైఫై స్పీకర్ అంటే స్పీకరూ, దానిలో ఒక చిన్న కంప్యూటరూ, ఎక్కడో దూరంగా కంపెనీ నడిపే సర్వరూ. మూడిట్లో ముందు చేతులెత్తేసేది ఎప్పుడూ స్పీకర్ కాదు.

సోనోస్ 2020 జనవరిలో తన పాత మోడళ్లకు ఇక అప్‌డేట్లు ఉండవని ప్రకటిస్తే వినియోగదారులు గగ్గోలు పెట్టారు. కంపెనీ అధిపతి క్షమాపణ లేఖ రాయాల్సి వచ్చింది. ఆ జూన్‌లో వ్యవస్థ రెండుగా చీలింది. పాతవాటికి ఎస్1 యాప్, కొత్తవాటికి ఎస్2 యాప్. రెండు తరాల స్పీకర్లూ ఉన్న ఇంట్లో కొత్త యాప్‌కు మారితే రెండు రకాలూ కలిసి పాడవు. 2024 మేలో మరోసారి యాప్‌ను పూర్తిగా మార్చేశారు. అలారాలు, స్లీప్ టైమర్ లాంటి మామూలు సౌకర్యాలు కూడా కొన్నాళ్లు కనబడకుండా పోయాయి. నిన్నటిదాకా బాగా పాడిన స్పీకర్లు అవే, ఇల్లు అదే, మారింది ఫోన్లో ఒక యాప్. ఆ గొడవ చల్లారక 2025 జనవరిలో ఆ అధిపతి పదవి వదులుకున్నారు.

మీ ఇంటికి సరిగ్గా సరిపోయే ఉదాహరణ ఇంకొకటుంది. గూగుల్ 2015లో ‘క్రోమ్‌కాస్ట్ ఆడియో’ అని అరచేతిలో పట్టే చిన్న బిళ్ల తెచ్చింది. పాత యాంప్లిఫయర్‌కు వైరుతో తగిలిస్తే అది వైఫై స్టీరియో అయిపోయేది. చవక, చక్కగా పనిచేసేది, ఇంకా ఎన్నో ఇళ్లలో పనిచేస్తోంది. 2019 జనవరిలో దాని తయారీ ఆపేశారు. 2025 మార్చిలో ఒకరోజు ఉన్నట్టుండి అవన్నీ పనిచేయడం మానేశాయి. పదేళ్లకిందట లోపల పెట్టిన ఒక డిజిటల్ సర్టిఫికెట్ గడువు తీరిపోయింది, అంతే. గూగుల్ కొన్ని రోజుల్లో సరిదిద్దింది. సరిదిద్దకుండా చేతులు దులుపుకుని ఉంటే ఆ బిళ్లలన్నీ ఒక్కరోజులో చెత్తబుట్టలోకి వెళ్లేవి. బోస్ కూడా 2013 నుంచి అమ్మిన తన సౌండ్‌టచ్ వైఫై స్పీకర్లకు క్లౌడ్ సేవలను 2026లో నిలిపేస్తున్నట్టు 2025 అక్టోబరులో చెప్పింది.

అన్ని కథలూ ఇలాగే ముగియవు. స్క్వీజ్‌బాక్స్ అని ఒకప్పుడు సంగీతప్రియులు ముచ్చటపడి కొన్న పరికరం ఉండేది. దాన్ని చేసిన చిన్న కంపెనీని లాజిటెక్ 2006లో కొనుక్కుని, 2012లో ఆ పేరు ఆపేసింది. దాని ఆన్‌లైన్ సేవను 2024లో మూసేసింది. అయినా ఆ పెట్టెలు ఇప్పటికీ పాడుతున్నాయి. ఎందుకంటే పాటలు పంపే సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా తమ ఇంటి కంప్యూటర్‌లోనే నడుపుకునేలా మొదటినుంచీ బాహాటంగా ఉంచారు. ఔత్సాహికులు దాన్ని ఇప్పుడు ‘లిరియన్ మ్యూజిక్ సర్వర్’ పేరుతో కొనసాగిస్తున్నారు. యాపిల్ ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ సంగతి మరీ విచిత్రం. 2018 ఏప్రిల్‌లో ఉత్పత్తి ఆపేశామని ప్రకటించి, ఆగస్టులో దానికే ఎయిర్‌ప్లే 2 అప్‌డేట్ ఇచ్చారు.

అందుకే పుకారు చదివినప్పుడు ‘ఎప్పుడొస్తుంది’ అని కాకుండా, ‘కంపెనీ చేతులెత్తేసిన రోజున ఇది ఏ దారిలో పాడుతుంది’ అని చూడమంటాను. వైరు పెట్టుకునే సాకెట్ ఉందా? కంపెనీ సొంత యాప్ లేకపోయినా ఫోన్ నుంచి నేరుగా పాట పంపొచ్చా? ఇంట్లో కంప్యూటర్‌లో ఉన్న పాటల్ని చదవగలదా? ఈ మూడింటికీ ఏ పుకారూ సమాధానం చెప్పదు. దుకాణంలో ఉన్న వస్తువు అయితే పది నిమిషాల్లో చెబుతుంది.

ఇప్పుడు మీ హాలు. మీకు కొత్త స్పీకర్లు అక్కర్లేదు. మీ యాంప్లిఫయర్‌కు ఒక స్ట్రీమర్ చాలు. స్ట్రీమర్ అంటే స్పీకర్ లేని చిన్న పెట్టె. వైఫై నుంచి పాట అందుకుని వైరు ద్వారా యాంప్లిఫయర్‌కు ఇస్తుంది. యాంప్లిఫయర్ వెనక ఎరుపు, తెలుపు రంధ్రాల జతలు ఉంటాయి. ఆక్స్ అనో, సీడీ అనో, టేప్ అనో రాసి ఉన్న జతలో పెట్టండి. ఫోనో అని రాసి ఉన్నదాంట్లో మాత్రం పెట్టొద్దు. అది రికార్డ్ ప్లేయర్ నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ను బాగా పెంచడానికి ఉన్నది. స్ట్రీమర్‌ను అందులో పెడితే చెవులు చిల్లులు పడే గరగర వస్తుంది. చాలామంది అక్కడే బెంబేలెత్తి, పెట్టె పాడైందని వెనక్కి ఇచ్చేస్తారు.

హాల్లో ఇలా వేరుగా పెట్టుకోవడంలో ఉన్న లాభం మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఐదారేళ్ల తర్వాత స్ట్రీమర్‌కు అప్‌డేట్లు ఆగిపోతే ఆ చిన్న పెట్టె ఒక్కటే మార్చాలి. పెద్ద స్పీకర్లు, యాంప్లిఫయర్ కదలక్కర్లేదు. మీవారు భయపడుతున్న ‘పాత సరుకు’ అన్నది ఆ పెట్టె వరకే. ఇన్ని పుకార్లు వెతికే ఓపిక ఉన్న మనిషి కాబట్టి ఆయనకు ఇంకో దారి కూడా చెప్పండి. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు కొని, దానిలో ‘పైకోర్ ప్లేయర్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే సొంతంగా స్ట్రీమర్ తయారవుతుంది. ఒక ఆదివారం గడిచిపోతుంది, కొంచెం విసుగూ వస్తుంది. కానీ దానికి ఏ కంపెనీ గడువు పెట్టలేదు.

రెడీమేడ్ పెట్టె కొంటే మాత్రం దాని ధర చూడకుండా అది మాట్లాడే భాష, అంటే ఫోన్ నుంచి పాట అందుకునే పద్ధతి చూడండి. ఇంట్లో ఫోన్లన్నీ ఐఫోన్లయితే ఎయిర్‌ప్లే 2 ఉండాలి. ఆండ్రాయిడ్ అయితే గూగుల్ క్యాస్ట్ ఉండాలి. ఇద్దరి దగ్గరా చెరో రకం ఉంటే రెండూ ఉన్నది వెతకండి. ఖరీదు ఎక్కువైతే అన్నీ ఉంటాయనుకోవద్దు. వీమ్ అనే కంపెనీ ప్రో మోడల్‌లో రెండూ ఉన్నాయి. 2024లో అదే కంపెనీ తెచ్చిన ఖరీదైన అల్ట్రాలో ఎయిర్‌ప్లే లేదు. అట్ట మీద ఉన్న గుర్తులు చదవకుండా బిల్లు వేయించుకోవద్దు.

వంటగదికి వద్దాం. మీ బ్లూటూత్ స్పీకర్ కష్టాలకు కారణం అది చవకదనో పాతదనో కాదు. మామూలు బ్లూటూత్‌లో ఫోనే పాటను మోసుకెళ్లి స్పీకర్‌కు అందించాలి. ఫోన్ దూరమైతే పాట తెగుతుంది, ఫోన్‌కు వచ్చిన శబ్దాలన్నీ స్పీకర్‌లోకి వస్తాయి. గూగుల్ క్యాస్ట్‌లో, స్పాటిఫై కనెక్ట్‌లో ఫోన్ చేసే పని ‘ఫలానా పాట వెయ్యి’ అని చెప్పడం వరకే. ఆ తర్వాత పాటను స్పీకరే వైఫై ద్వారా నేరుగా తెచ్చుకుంటుంది. మీరు ఫోన్ తీసుకుని బయటికెళ్లిపోయినా పాట ఆగదు. ఎయిర్‌ప్లేలో మామూలుగా పాట ఫోన్ నుంచే వెళ్తుంది కాబట్టి మీరు ఇల్లు దాటితే ఆగుతుంది. అయితే ఎయిర్‌ప్లే 2 వచ్చాక కాల్ వచ్చినంత మాత్రాన స్పీకర్‌లో పాట ఆగే బాధ పోయింది.

రెండు గదుల్లో ఒకే పాట అన్నది వినడానికి తేలికగా ఉంటుందిగానీ, సాంకేతికంగా కష్టమైన భాగం అదే. రెండు స్పీకర్ల మధ్య సెకనులో పదో వంతు తేడా వచ్చినా, మధ్య గుమ్మంలో నిలబడ్డవాళ్లకు గాయకుడు తనను తానే వెక్కిరిస్తున్నట్టు వినిపిస్తుంది. ఎయిర్‌ప్లే 2, గూగుల్ క్యాస్ట్ లాంటివి ఆ గడియారాలను కలిపి ఉంచుతాయి. అందుకని హాల్లో పెట్టెకు, వంటగదిలో స్పీకర్‌కు ఒకే భాష వచ్చి ఉండాలి. కంపెనీ ఒకటే కానక్కర్లేదు. స్పాటిఫై కనెక్ట్ ఒక్కటే నమ్ముకుంటే వేర్వేరు కంపెనీల స్పీకర్లు కలిసి పాడతాయన్న భరోసా లేదు. అట్ట మీద ఆ గుర్తు ఒక్కటే ఉంటే ఆగి అడగండి.

డబ్బు పెట్టకముందు వంటగదిలో స్పీకర్ పెట్టబోయే చోట ఫోన్ పెట్టి, మొబైల్ డేటా ఆపేసి, వైఫైలో ఒక వీడియో నడిపి చూడండి. ఆ సమయంలో మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆన్ చేయండి. మైక్రోవేవ్, 2.4 గిగాహెర్ట్జ్ వైఫై రెండూ ఒకే తరంగాల మీద నడుస్తాయి. వీడియో ఆగి ఆగి నడిస్తే మీకు ముందు కావలసింది మంచి రౌటర్, లేదా రౌటర్‌ను చోటు మార్చడం. కొత్త స్పీకర్ల మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం స్పీకర్ కాదు, ఇంటి వైఫై.

మీవారు నాణ్యత మాట ఎత్తుతారనుకుంటాను. సీడీ నాణ్యత అంటే 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్, సెకనుకు సుమారు 1,411 కిలోబిట్లు. స్ట్రీమింగ్‌లో చాలాకాలం 320 కిలోబిట్లే గొప్ప. స్పాటిఫై 2021 ఫిబ్రవరిలో సీడీ స్థాయి ధ్వనిని ఆ ఏడాదే ఇస్తామని చెప్పి, చివరికి 2025 సెప్టెంబరులో ఇవ్వడం మొదలుపెట్టింది. నాలుగున్నరేళ్లు! దానికోసం పాటలు వినడం ఆపేసినవాళ్లు ఉండరని నా నమ్మకం. మీ హాల్లో పెద్ద స్పీకర్లకు ఆ తేడా కొంత వినిపించవచ్చు. కాబట్టి స్ట్రీమర్ లాస్‌లెస్ (ధ్వనిలో ఏదీ పోగొట్టకుండా పంపే పాట) అందుకునేదే తీసుకోండి. వంటగదిలో కుక్కర్ కూతల మధ్య ఆ అంకెల గురించి ఆలోచించడం దండగ.

అసలు ఆగడం ఎప్పుడు మంచిదంటే, కంపెనీయే తేదీతో సహా ప్రకటించి, దుకాణాలు ఆర్డర్లు తీసుకుంటున్నప్పుడు. అప్పుడు కూడా కొత్తది కొనడానికే ఆగక్కర్లేదు. కొత్తది రాగానే పాత మోడల్ ధర తగ్గే అవకాశం ఉంటుంది, మీకు ఆ పాతదే సరిపోవచ్చు. వంటగది విషయంలో ఆగొచ్చని మొదట్లో అన్నది ఇందుకే. ఇప్పుడున్న స్పీకర్‌తో ఎలాగో కాలం గడుస్తోంది, మంచి ధర దొరికినప్పుడు మార్చుకోవచ్చు. ఆగేటట్టయితే గడువు మాత్రం మీరు పెట్టుకోండి, పుకార్లకు వదలొద్దు. జనవరిలో లాస్‌వేగాస్‌లో సీఈఎస్, సెప్టెంబరులో బెర్లిన్‌లో ఐఎఫ్ఏ అనే ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలు జరుగుతాయి. వాటికి ముందు వారాల్లో పుకార్లు ఎప్పుడూ పొంగుతాయి. వాటిలో దగ్గర్లో ఉన్నదాన్ని గడువుగా రాసుకుని, అది దాటేనాటికి ఎవరూ అధికారికంగా ఏమీ ప్రకటించకపోతే, అప్పుడు దుకాణంలో ఉన్నవాటిలోంచి తీసేసుకోండి.

ఒకవేళ మీవారు అన్నట్టే కొత్తది నిజంగా వచ్చేసిందనుకోండి, మొదటి వారంలో కొనకండి. మొదటి రోజు సమీక్షలు ధ్వని గురించే ఎక్కువ చెబుతాయి. యాప్ ఎలా ఉంది, పాత స్పీకర్లతో కలుస్తోందా, నడుమ నడుమ మాయమవుతోందా అన్నవి నాలుగైదు వారాలు వాడినవాళ్లు చెప్పాలి. వాళ్ల మాటలు చదవండి. ఎన్ని రోజుల్లోపు తిరిగి ఇవ్వొచ్చో బిల్లు మీద చూసుకోండి. ఆ రోజుల్లోనే వంటగదిలో కొత్తదీ, హాల్లో మీ యాంప్లిఫయరూ కలిపి ఒకే పాట వేసి, మధ్య గుమ్మంలో నిలబడి వినండి. గొంతు రెండుగా వినిపిస్తే, అది ఎంత కొత్త మోడలైనా వెనక్కి ఇచ్చేయండి.